పాతనొప్పికి ఏ ఫిజియోథెరపీ? కరెంటు పెట్టేదా, చేతులతో చేసేదా, మనిషిని మొత్తంగా చూసేదా?

నడుమో మెడో భుజమో నెలల తరబడి నొప్పి పెడుతుంటే ఎవరో ఒకరు ఫిజియోథెరపీకి వెళ్లమంటారు. అదేదో ఒకే రకం వైద్యం అన్నట్టు మనమూ వెళ్తాం. నిజానికి ఆ ఒక్క బోర్డు కింద నాలుగైదు రకాల పనులు జరుగుతుంటాయి. ఒకచోట పడుకోబెట్టి కరెంటు పెడతారు. ఇంకోచోట కండరాలు నొక్కి, కీళ్లు కదిలిస్తారు. మరోచోట బొమ్మలున్న వ్యాయామాల కాగితం చేతికిచ్చి పంపిస్తారు. కొందరు మాత్రం నొప్పి ఉన్నచోట చెయ్యి కూడా వేయకముందే నిద్ర ఎలా పడుతోంది, ఏయే పనులు మానేశారు, దేనికి భయపడుతున్నారు అని అరగంట అడుగుతారు.

నాలుగేళ్ల నడుంనొప్పిలో మొదటి మూడూ చేయించుకున్నాక నాలుగోదాని దగ్గరికి చేరాను. ఆ తిరుగుళ్లలో తెలిసినవి, తర్వాత ఓపిగ్గా చదివి తెలుసుకున్నవి కలిపి, ఇప్పుడు ఎంచుకోబోయేవాళ్ల కోసం ఈ పోలిక రాస్తున్నాను. నా మొగ్గు ఎటో దాచను. మూడు నెలలు దాటినా వదలని నొప్పికి మనిషిని మొత్తంగా చూసే పద్ధతితోనే మొదలుపెట్టమంటాను. అలాగని అది అందరికీ అక్కర్లేదు. ఆ పేరు పెట్టుకున్న ప్రతిచోటా అది దొరకదు కూడా.

ముందు డాక్టరు చూడాల్సిన నొప్పులు

ఎంపిక గురించి మాట్లాడుకునే ముందు ఒక్క విషయం. నడుంనొప్పితో పాటు మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలవిసర్జన మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఏ ఫిజియో దగ్గరికీ కాదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నరాలు తీవ్రంగా నొక్కుకుపోతున్న సూచన అది. కాలో చెయ్యో రోజురోజుకూ బలం తగ్గుతున్నా ఆలస్యం చేయకూడదు.

నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, పడ్డాక మొదలైన నొప్పి అయినా, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నా, ఎటు తిరిగి పడుకున్నా రాత్రంతా ఒకేలా వేధిస్తున్నా ముందు డాక్టరు పరీక్ష చేయాలి. పొద్దున లేవగానే కీళ్లు అరగంటకు మించి బిగుసుకుపోయి ఉంటూ, వాపు కూడా ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు వేరే ఉంటాయి. నడిచినప్పుడు ఎడమ భుజంలోనో దవడలోనో వచ్చి, ఆగితే తగ్గే నొప్పి గుండెకు సంబంధించినది కావచ్చు. ఇవేవీ లేవని తేలాకే కింద రాసినవన్నీ వర్తిస్తాయి.

పాతనొప్పి లెక్క వేరు

మూడు నెలలకు మించి ఉన్నా, పోయినట్టే పోయి మళ్లీ మళ్లీ వస్తున్నా దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022లో అమల్లోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటిచ్చారు. ఇంకో జబ్బుకు లక్షణంగానే కాదు, నొప్పి తనంతట తానే ఒక జబ్బు కావచ్చని ఒప్పుకున్నారన్నమాట.

కొత్త నొప్పికీ దీనికీ తేడా ఏమిటి? కాలు మెలిక పడితే లోపల గాయం ఉంటుంది. గాయం మానే కొద్దీ నొప్పి తగ్గుతుంది. వారాలు గడిచి కండరం, లిగమెంటు మానిపోయినా నొప్పి మిగిలిందంటే, నొప్పిని తయారుచేసే వ్యవస్థ, అంటే నరాలు, వెన్నుపాము, మెదడు, అతిగా అప్రమత్తం అయిపోయి ఉండవచ్చు. ఒకసారి దొంగలు పడిన ఇంట్లోవాళ్లకు ఆ తర్వాత పిల్లి దూకినా మెలకువ వచ్చేస్తుంది. ఉలికిపాటు అబద్ధం కాదు, గుండె నిజంగానే దడదడలాడుతుంది. కానీ ఇంట్లో దొంగ లేడు. పాతనొప్పి చాలామందిలో ఇలాగే నడుస్తుంది. నిద్ర చెడినా, పని ఒత్తిడి పెరిగినా, 'మళ్లీ పట్టేస్తుందేమో' అన్న భయం ఉన్నా ఆ అప్రమత్తత ఇంకా పెరుగుతుంది.

ఇక స్కాన్ సంగతి. 'డిస్క్ జారింది', 'ఎముక అరిగింది' అన్న మాట విన్న రోజు నుంచి మనిషి నడక మారిపోతుంది. నాదీ మారింది. అప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నొప్పి అసలే లేని 3,110 మంది వెన్ను స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం, ఉంది. యాభై ఏళ్లవాళ్లలో 80 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. వీళ్లెవరికీ నడుంనొప్పి లేదు. స్కాన్ పనికిరాదని దీని అర్థం కాదు. పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నప్పుడు అది ప్రాణం నిలబెడుతుంది. కానీ రిపోర్టులో ఉన్న ప్రతి మాటా మీ నొప్పికి కారణం కానక్కర్లేదు. చాలావరకు అవి వెన్నుకు వచ్చిన నెరిసిన వెంట్రుకల్లాంటివి.

ఇది మనసులో పెట్టుకుని చూస్తే ఏ పద్ధతి దేన్ని ముట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

కరెంటు, వేడి, ట్రాక్షన్

చాలామందికి ఫిజియోథెరపీ అంటే ఇదే. ఐఎఫ్‌టీ, టెన్స్ అనే కరెంటు మెషీన్లు, ధ్వని తరంగాలు పంపే అల్ట్రాసౌండ్, నడుము లాగే ట్రాక్షన్. పది సిట్టింగులు, రోజుకు అరగంట. పడుకుంటే చాలు, మీరు చేయాల్సిందేమీ లేదు. హాయిగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే ఎందుకు కాస్త నయమనిపిస్తుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు. స్పర్శ సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు అడ్డం పడతాయి. టెన్స్ మెషీన్ వెనక ఉన్న ఆలోచనా అదే. చిక్కల్లా ఆ హాయి ఎంతసేపు ఉంటుందన్నదే. నాకైతే ఇంటికెళ్లి కూర్చుని లేచేసరికి మళ్లీ మొదటికొచ్చేది.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నడుంనొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్, నడుము బెల్టులు, ఈ నాలుగింటినీ మామూలు వైద్యంలో భాగంగా వాడవద్దనే చెప్పింది. వీటిలో ఒకటో రెండో మీకు ఉపశమనం ఇస్తుంటే మానేయమని నేననను. వేడి కాపడం పెట్టుకుని బిగువు తగ్గాక వ్యాయామం చేసుకుంటే మంచిదే. కానీ మెషీన్లు తప్ప ఇంకేమీ లేని చోట పాతనొప్పికి నెలలు ఖర్చుపెట్టొద్దని గట్టిగా చెబుతాను.

చేతులతో చేసే చికిత్స

మసాజ్, కీళ్లను కదిలించడం, వెన్నును సర్దడం ఈ కోవలోకి వస్తాయి. మెషీన్లకన్నా ఇది ఒక మెట్టు పైన. మర్దన, వెన్ను మీద చేతులతో చేసే చికిత్స ఉపయోగపడవచ్చని పైన చెప్పిన మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో ఒక షరతు పెట్టింది: నడుంనొప్పికి చేతి చికిత్స ఇవ్వవచ్చు గానీ, వ్యాయామంతో కలిపి మాత్రమే. నాకు అది చాలా సరైన షరతు అనిపిస్తుంది. బిగుసుకున్న మెడ చేతులతో వదులయ్యాక ఒక గంటో ఒక రోజో కదలిక తేలికవుతుంది. ఆ గంటలో మెడను మీరే తిప్పడం నేర్చుకుంటే లాభం నిలుస్తుంది. లేకపోతే మళ్లీ ఆ చేతుల కోసం ఎదురుచూడాలి.

ఇక్కడ ఒక మాట విషయంలో జాగ్రత్తగా ఉండాలి. 'మీ వెన్నుపూస పక్కకు జరిగింది, సరిచేశాను' అంటారు కొందరు. చేత్తో నొక్కినప్పుడు వచ్చే టక్కుమన్న శబ్దం కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడటానికి సంబంధించింది. ఎముక జరిగి మళ్లీ చోటికి వచ్చిన శబ్దం కాదు. ఈ మాట నమ్మిన మనిషి తన వెన్ను ఎప్పుడు జారిపోతుందో అని బతుకంతా ఒళ్లు బిగబట్టుకుని తిరుగుతాడు. చికిత్స మంచిదే అయినా దాంతోపాటు ఇచ్చిన ఆ భయం హాని చేస్తుంది.

వ్యాయామాల కాగితం

పాతనొప్పికి ఎక్కువ ఆధారం ఉన్న వైద్యం వ్యాయామమే. దీర్ఘకాలిక నడుంనొప్పికి వ్యాయామం మీద జరిగిన 249 పరీక్షలను, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2021లో సమీక్షించింది. ఏ చికిత్సా లేకపోవడం కన్నా, మామూలు వైద్యం కన్నా వ్యాయామం నొప్పిని తగ్గిస్తుందని తేల్చింది. మోకాళ్ల అరుగుదలకు కూడా తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామమే మొదటి మందు. నడక, ఈత, బరువులు, యోగాసనాల్లో ఏదో ఒకటి మిగతావాటిని చిత్తుగా ఓడించిన దాఖలా లేదు. మీరు ఆరు నెలల తర్వాత కూడా చేస్తూ ఉండేదే మీకు మంచిది.

మరి కాగితం ఎందుకు పనిచేయదు? నా కాగితంలో ఎనిమిది బొమ్మలుండేవి. ఒక్కోటీ పదిసార్లు, రోజుకు రెండు పూటలు. మూడో రోజు నొప్పి పెరిగింది. పెరిగితే ఏం చేయాలో కాగితంలో లేదు. ఏదో చెడిపోయిందనుకుని మానేశాను. ఇది నా ఒక్కడి కథ కాదు. బొమ్మలు అందరికీ ఒకటే గానీ, ఆ బొమ్మలు చేయాల్సిన మనుషుల భయాలు, నిద్రలు, పనివేళలు వేరువేరు.

మనిషిని మొత్తంగా చూసే పద్ధతి

దీని వెనక ఉన్న ఆలోచన కొత్తదేమీ కాదు. జబ్బును శరీరం వైపు నుంచే కాకుండా మనసు, చుట్టూ ఉన్న జీవితం వైపు నుంచి కూడా చూడాలని జార్జ్ ఎంగెల్ అనే డాక్టరు 1977లో రాశారు. ఫిజియోథెరపీలో ఆ చూపు స్థిరపడటానికి చాలా ఏళ్లు పట్టింది. చేసేవాళ్లు దీన్ని 'బయోసైకోసోషల్' అనో 'హోలిస్టిక్' అనో పిలుస్తారు. పేరు పక్కన పెట్టి, లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

నేను వెళ్లినప్పుడు మొదటి గంటలో ఎక్కువభాగం మాటలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో జీవితంలో ఇంకేం జరుగుతోంది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది, నొప్పి లేకపోతే మొదట ఏ పని చేయాలనుంది అని అడిగారు. తర్వాత ఆ ఫిజియో, ఆవిడ, "ఒకసారి కుర్చీలోంచి లేవండి" అన్నారు. లేచాను. "మళ్లీ లేవండి, ఈసారి ఏం చేస్తున్నారో మీరే గమనించండి" అన్నారు. అప్పుడు తెలిసింది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, పొట్ట బిగించి, ఊపిరి ఆపి, వీపు కర్రలా నిలబెట్టి లేస్తున్నాను. పళ్లు కూడా బిగపడుతున్నాను.

"ఊపిరి వదులుతూ, వీపు కాస్త వదులుగా వంచి, తల మోకాళ్ల ముందుకు వచ్చేలా వంగి లేవండి."

"వంగకూడదన్నారు కదండీ?"

"ఎప్పుడన్నారు?"

నొప్పి వచ్చిన మొదటి వారంలో. నాలుగేళ్ల కిందట. "ఆ వారానికి జాగ్రత్తగా చెప్పిన మాట అయి ఉంటుంది. నాలుగేళ్లూ అదే పాటించారా?" అని ఆవిడ నెమ్మదిగా అడిగారు. ఆవిడ చెప్పినట్టు లేచాను. నొప్పి మాయం కాలేదు. కానీ ఎప్పుడూ వచ్చే పోటు రాలేదు, లాగినట్టు మాత్రం అనిపించింది. ఆరుసార్లు లేచాక ఆ లాగుడూ తగ్గింది. ఒంటికి కాపలా కాస్తున్నాననుకుంటూ రోజంతా నడుం కండరాలను బిగించి ఉంచుతున్నానని నా కళ్లతో నేను చూసుకున్న రోజు అది.

అక్కడి నుంచి పని నాలుగు దిక్కులా నడిచింది. మొదటిది, భయపడి మానేసిన కదలికల్లోకి కొద్దికొద్దిగా తిరిగి వెళ్లడం. షూ లేసు కట్టుకోవడానికి వంగడం దగ్గర మొదలుపెట్టి, నేల మీది బకెట్ ఎత్తడం దాకా వచ్చాం. రెండోది నిద్ర. రాత్రి సరిగా పట్టకపోతే మర్నాడు నొప్పి పెరుగుతుందన్నది బాగా రుజువైన సంగతి. అందుకే పడుకునే వేళ, లేచే వేళ, పగటి కునుకుల మీద కూడా మాట్లాడుకున్నాం. ఫిజియో దగ్గర నిద్ర గురించి ఎందుకని మొదట్లో నాకే అనిపించింది. మూడోది, నొప్పి ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడం.

నాలుగోది పనిని తూకం వేసుకోవడం. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నొప్పి తక్కువున్న రోజు పేరుకున్న పనులన్నీ మీద వేసుకుంటాం, తర్వాత రెండు రోజులు మంచం పడతాం. ఒళ్లు కోలుకున్నాక మళ్లీ అదే. ఇలా తిరిగే కొద్దీ మంచి రోజులు తగ్గిపోతాయి. దీనికి విరుగుడుగా మూడు వేర్వేరు రోజుల్లో నొప్పి పెరగకముందు ఎంతసేపు నడవగలుగుతున్నానో చూసుకోమన్నారు. నాకు 12, 9, 15 నిమిషాలు వచ్చాయి. సగటు 12. అందులో అయిదో వంతు తగ్గించి, సుమారు 10 నిమిషాలతో మొదలుపెట్టమన్నారు. బాగున్న రోజూ పదే, బాగాలేని రోజూ పదే. ఇబ్బంది లేకుండా గడిస్తే మూడు నాలుగు రోజులకు ఒక నిమిషం పెంచాలి. వినడానికి చిన్నదే గానీ, బాగున్న రోజు పది నిమిషాలకే ఆగడం నాకు చాలా కష్టమైంది.

ఈ పద్ధతికి రుజువు ఉందా అంటే, ఉంది. దీనిలో ఒక రకాన్ని కాగ్నిటివ్ ఫంక్షనల్ థెరపీ అంటారు. దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు ఆస్ట్రేలియాకు చెందిన ఫిజియోథెరపిస్టు పీటర్ ఓసల్లివన్. ఆస్ట్రేలియాలోనే 492 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పన్నెండు వారాల్లో గరిష్ఠంగా ఏడు సెషన్లు, ఆరో నెల దగ్గర గుర్తుచేయడానికి ఇంకొకటి. అంతే. మామూలు వైద్యం పొందినవాళ్లకన్నా వీళ్లకు నొప్పీ తగ్గింది, పనులు చేసుకోవడమూ మెరుగైంది. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. ఇంకో విశేషం. ఒక జట్టుకు ఒంటి కదలికలను కొలిచే సెన్సర్లు కూడా తగిలించారు. వాటివల్ల అదనంగా వచ్చిన లాభం ఏమీ కనిపించలేదు. ఖరీదైన పరికరం ఉన్న చోటికే వెళ్లాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

లోపాలూ చెప్పాలి. ఇది నెమ్మది. మొదటి రోజే హాయిగా ఉండదు, ఒక్కోసారి మొదటి రెండు వారాలు నొప్పి కాస్త పెరుగుతుంది కూడా. పని అంతా మనమే చేయాలి. వ్యక్తిగత విషయాలు చెప్పుకోవాల్సి వస్తుంది, అది అందరికీ ఇష్టం ఉండదు. నేర్పరులైన ఫిజియోలు తక్కువ. పైన చెప్పిన పరీక్షలో పాల్గొన్న ఫిజియోలకు ముందుగా ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. బోర్డు మీద 'హోలిస్టిక్' అని రాసుకుని లోపల అవే పది కరెంటు సిట్టింగులు ఇచ్చే చోట్లూ ఉన్నాయి.

అన్నిటికన్నా చేదైన అపార్థం ఇంకోటుంది. మనసు ప్రస్తావన రాగానే 'అంతా నీ భ్రమ అంటున్నారు' అని చాలామంది బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే, ఎందుకంటే ఎక్కడో ఒకచోట ఆ మాట పడే ఉంటారు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. నొప్పి శరీర అనుభవమూ, భావోద్వేగ అనుభవమూ కూడా అని అందులో చెప్పింది. మనిషి నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని దానికి జతచేసిన వివరణలో రాసింది. 'ఇదంతా మీ మనసులోనే ఉంది' అని ఎవరైనా ఫిజియో అంటే అది మనిషిని మొత్తంగా చూడటం కాదు, సగం వదిలేయడం. అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నొప్పి క్లినిక్కులు

ఇక్కడ డాక్టరు, ఫిజియో, సైకాలజిస్టు ఒకే జట్టుగా చూస్తారు. దీర్ఘకాలిక నడుంనొప్పి మీద 41 పరీక్షలను చూసిన కాక్రేన్ సమీక్ష ఒకటి 2014లో వచ్చింది. మామూలు వైద్యం కన్నా, ఒట్టి శారీరక చికిత్స కన్నా ఇలాంటి కార్యక్రమాలు మేలని తేలింది. మరీ భారీ తేడా కాదు గానీ తేడా ఉంది. సమయం బాగా పెట్టాలి కాబట్టి మొదటి మెట్టుగా దీన్ని సూచించను. ఉద్యోగం మానేసే పరిస్థితి వచ్చినవాళ్లు, బలమైన నొప్పి మాత్రలకు అలవాటుపడి మానలేకపోతున్నవాళ్లు, నొప్పితో పాటు తీవ్రమైన దిగులుతో ఉన్నవాళ్లు మాత్రం నేరుగా ఇక్కడికే వెళ్లడం మంచిది.

మీ పరిస్థితికి ఏది

నిన్నో మొన్నో నడుం పట్టేసిందా? ఏ పెద్ద కార్యక్రమమూ అక్కర్లేదు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. మంచం పట్టకుండా తిరుగుతూ ఉండటం, కాపడం, అవసరమైతే డాక్టరు రాసిన మాత్ర చాలు. ఆపరేషన్ తర్వాతో, ఎముక విరిగి కట్టు విప్పాకో వెళ్తుంటే చేతి చికిత్స, వ్యాయామం బాగా తెలిసినవాళ్లను వెతుక్కోండి. భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవకపోయినా అంతే. మోకాళ్ల అరుగుదలకు క్రమంగా బరువు పెంచుతూ చేయించే వ్యాయామ కార్యక్రమమే చాలామందికి సరిపోతుంది.

మూడు నెలలు దాటి, నిద్ర చెడి, కొన్ని పనులంటే భయం పట్టుకుని, రెండు మూడు చోట్ల తిరిగి వచ్చారా? ఇంకో మెషీన్ కోసం వెతక్కుండా మనిషిని మొత్తంగా చూసే ఫిజియోను వెతకండి. ఒళ్లంతా నొప్పులు, అలసట కలిసి ఉండే ఫైబ్రోమయాల్జియా లాంటి వాటికీ ఇదే దారి, కాకపోతే ఇంకా నెమ్మదిగా నడవాలి. కాల్లోకి జివ్వుమని లాగుతూ తిమ్మిరి కూడా ఉంటే డాక్టరు నరాల బలం పరీక్షించాక ఇదే చోటికి రావచ్చు. ఇలా కాల్లోకి లాగే నరం నొప్పిని సయాటికా అంటారు. అది నిలకడగా ఉన్నవాళ్లు కదలడానికి భయపడాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఒక్కటే ఎంచుకోవాలని కూడా లేదు. మెడ వదులు కావడానికి చేతి చికిత్స, బలానికి వ్యాయామం, వాటన్నిటినీ నడిపే ఆలోచనగా మొత్తం మనిషిని చూసే చూపు, ఇవి ఒకే మనిషి దగ్గర దొరికితే అంతకన్నా ఏం కావాలి? తిరగబడితే మాత్రం చిక్కు. అంటే నడిపేది మెషీన్ అయి, వ్యాయామం చివర్లో మొక్కుబడిగా చెప్పే రెండు మాటలు అయినప్పుడు.

మొదటి రోజే పసిగట్టడం ఎలా

ఫోన్లోనే 'మొదటిసారి ఎంతసేపు చూస్తారు' అని అడగండి. పావుగంట అంటే కథ వినే తీరిక అక్కడ లేదు. పరీక్ష చేయకముందే 'ఇరవై సిట్టింగులు తీసుకోండి' అంటే జంకండి. ఎన్ని అవసరమో చూడకుండా ఎలా తెలుస్తుంది?

లోపలికి వెళ్లాక వాళ్లు మిమ్మల్ని కదిలించి చూశారా, మీకు ఇబ్బందైన పనే చేయించి చూశారా అన్నది గమనించండి. మాటలే ఉండి కదలిక లేకపోయినా, కదలికే ఉండి మాటలు లేకపోయినా అది సగం పనే. స్కాన్ రిపోర్టు చూసి మీ వైపు చూడకుండా నిర్ణయానికి వచ్చేవాళ్లకన్నా, మిమ్మల్ని చూశాక రిపోర్టు తెరిచేవాళ్లు మేలు.

నేనైతే ఒక ప్రశ్న తప్పకుండా అడగమంటాను. 'నొప్పి బాగా పెరిగిన రోజు నేను ఇంటి దగ్గర ఏం చేయాలి?' 'వెంటనే వచ్చేయండి, కరెంటు పెడదాం' అన్నది ఒక రకం జవాబు. 'ఆ రోజు నడక సగానికి తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు, ఈ రెండు కదలికలు చేయండి, రెండు రోజుల్లో మళ్లీ మామూలుకు రండి, ఫలానా లక్షణం కనిపిస్తే మాత్రం ఫోన్ చేయండి' అన్నది ఇంకో రకం. రెండో జవాబు వచ్చిన చోట ఉండిపోండి.

ఎన్నాళ్లు చూడాలి

ఆరు వారాలు ఇవ్వండి. మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి వెళ్తే చాలు. మిగతాదంతా ఇంటి దగ్గరే జరుగుతుంది. మొదటి సెషన్‌కు ముందు ఒక చిన్న పుస్తకంలో నొప్పి వల్ల మీరు చేయలేకపోతున్న మూడు పనులు రాసుకోండి. పక్కన అంకె వేయండి. నావి ఇవి: కుర్చీలో 20 నిమిషాలు మించి కూర్చోలేను, నడక 12 నిమిషాలు, షూ లేసు కట్టుకోవాలంటే మెట్టు మీద కాలు పెట్టాలి.

నొప్పిని పదికి ఎంత అని కూడా వేసుకోండి గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పరిశోధకులు మామూలుగా 30 శాతం, అంటే పదికి ఆరున్న నొప్పి నాలుగుకు రావడాన్ని, చెప్పుకోదగిన మార్పుగా లెక్కిస్తారు. ఆరు వారాలకు నాది ఆరు నుంచి అయిదుకే వచ్చింది. ఆ అంకెనే చూసుకుని ఉంటే మళ్లీ చోటు మార్చేసేవాణ్ని. కానీ కూర్చోవడం 45 నిమిషాలకు వచ్చింది, నడక 22కు వచ్చింది, షూ లేసు కుర్చీలో కూర్చుని వంగి కట్టుకుంటున్నాను. నొప్పి అంకె మూడుకు దిగింది నాలుగో నెలలో. మధ్యలో రెండుసార్లు బాగా తిరగబెట్టింది కూడా.

ఆరు వారాలయ్యాక ఆ మూడు పనుల్లో ఒక్కటీ కదలకపోతే పుస్తకం తెరిచి ఫిజియోకే చూపించండి. మంచి ఫిజియో అయితే మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తారు, దారి మారుస్తారు, లేదా డాక్టరు దగ్గరికో నొప్పి క్లినిక్‌కో వాళ్లే రాసిచ్చి పంపుతారు. 'ఇవే ఇంకో పది చేద్దాం' అన్నదొక్కటే జవాబు అయితే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. పుస్తకం వెంట తీసుకెళ్లండి, అక్కడ కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని ఉండదు.